పాలు చేరు వీధికి కూర యేల చేరదు?

గడచిన సంవత్సరము వానకాలమున మేమొక పనిమీద హైదరాబాదునకు పోయి, మూసీ యొడ్డునగల యొక బస్తీలో రెండు రాత్రులు గడపితిమి. దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి ప్రాంతములనుండి కూలికై వలసపోయినవారు ఆ బస్తీలో పెక్కుమంది గలరు. మాకు చోటిచ్చిన యింటివారు మేము పనిచేయు మండలమువారే. ఊరిలో వారికి రెండెకరముల చెల్క గలదు. దానిలో ప్రత్తి వేసి, వరుసగా రెండు సంవత్సరములు వానలు తప్పగా, అప్పులపాలై నగరము చేరినారు.

చీకటి పడిన పిదప ఆలుమగలు పనినుండి వచ్చిరి. ఆ యిల్లాలు పొయ్యి వెలిగించి అన్నము వండెను. రేషను దుకాణమున దొరకిన సన్నబియ్యమగుటచే అన్నము మల్లెపూవువలె నుండెను. కాని కూర లేదు. పచ్చిపులుసు, మామిడికాయ తొక్కు, అంతియే. పిల్లలిద్దరును ఐదేసి రూపాయల చిప్సు పొట్లములు చింపి అన్నములో నంజుకొనిరి. "కూర వండలేదా అక్కా?" యని మేమడుగగా ఆమె యిట్లనెను: "పొద్దుగాల అడ్డ మీదికి పోతం, పొద్దుమూకినంక వస్తం. రైతుబజారుకు పోయి రావాల్నంటే ఆటోకే అరువై రూపాలైతయి. గల్లి దుకాణంల ఉల్లిగడ్డ, ఆలుగడ్డ తప్ప ఏముంటది సారూ? ఊర్ల ఉన్నప్పుడు చేనుగట్టు మీద గంగవాయిలి కూర తెంపుకొని తింటిమి. ఈడ అది గూడ కొనాలె."

ఆ మాట మాకు ఆ రాత్రి నిదురపట్టనీయలేదు. తెల్లవారుజామున నాలుగున్నర గంటలకు గల్లీ మొగదల నొక బండి చప్పుడు వినవచ్చెను. లేచి చూడగా అది పాలబండి. అందులోని పాలు మన నల్లగొండ, రంగారెడ్డి పల్లెలలోని పాడిరైతుల సహకార సంఘములు సేకరించి పంపినవి. త్వరగా చెడిపోవు పాలు ఏ రాత్రికారాత్రి వంద కిలోమీటర్లు ప్రయాణము చేసి ఆ యిరుకు గల్లీ చివరివరకును చేరుచున్నవి. అట్లయిన, అవే పల్లెలలో పండదగిన తోటకూర కట్ట అక్కడికేల చేరదు? ఈ ప్రశ్నను సంఘసభ్యుల యెదుట నుంచుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మొదట నొక సందేహమును తీర్చవలెను. బస్తీలలో ఆకలి లేదు గదా, ఇక కొరత యేమని కొందరనవచ్చును. నిజమే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చిననాటినుండి మన ప్రాంతపు బీదలకు అన్నపు చింత చాలవరకు తగ్గినది. 2013లో జాతీయ ఆహారభద్రతా చట్టము వచ్చినది. 2025 ఉగాదినాడు మన హుజూర్‌నగరులోనే సన్నబియ్యపు పంపిణీ ప్రారంభమై, మనిషికి నెలకు ఆరు కిలోలు ఉచితముగా లభించుచున్నవి. నగరపాలక సంస్థవారు 2014లో ఐదు రూపాయలకు భోజనము పెట్టు కేంద్రములను ప్రారంభించిరి. ఇవి యన్నియు మెచ్చదగినవే. కాని కడుపు నిండుట వేరు, ఒంటికి బలము కలుగుట వేరు.

నగరములోని తార్నాకయందు జాతీయ పోషకాహార సంస్థ గలదు. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ గారి పరిశోధనతో మొదలైన యీ సంస్థ 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. ఈ సంస్థవారు 2024లో ప్రకటించిన ఆహార నియమముల ప్రకారము, పెద్దవారొకరు దినమునకు 250 గ్రాముల ధాన్యము, 85 గ్రాముల పప్పులు, 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినవలెను. చదువరులు గమనింతురు గాక: ధాన్యముకంటె కూరగాయల తూకమే హెచ్చు! మనము మాత్రము కుండెడన్నమునకు గరిటెడు కూర చాలుననుకొనుచున్నాము. దాని ఫలితమేమి? 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణమున 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత గలవారు. ఆరు నెలలు మొదలు ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి 70 మంది అట్టివారు. ఇందులో పల్లెటూరివారును గలరు, నగరమువారును గలరు.

ఇక కూర బస్తీకి చేరకుండుటకు కారణము లేమని విచారింతము. మాకు తోచినంతవరకు అవి మూడు: దూరము, వేళ, కొలత.

దూరమునుగూర్చి మొదట చెప్పెదము. 1999 జనవరి 26న ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున రైతుబజారులు ప్రారంభమైనవి. పంజాబు రాష్ట్రమున 1987లోనే 'అప్నీ మండీ' యను పేర ఇట్టి యేర్పాటు జరిగియుండెను. రైతునకు గుర్తింపుకార్డు ఇచ్చుట, దళారి లేకుండ అమ్ముకొననిచ్చుట, టోకు ధరకంటె హెచ్చుగను చిల్లర ధరకంటె తక్కువగను నిత్యము ధర నిర్ణయించి పలకమీద వ్రాయుట, ఇవి దాని పద్ధతులు. ఎర్రగడ్డ, మెహిదీపట్నము, సరూర్‌నగరు, వనస్థలిపురము, కూకట్‌పల్లి, ఫలక్‌నుమా మొదలగు చోట్ల నున్న బజారులవలన వేలకొలది రైతులకును గృహస్థులకును మేలు కలిగినది. కాని కోటిమందికి పైబడిన నగరమునకు ఈ బజారులు వ్రేళ్లమీద లెక్కింపదగినన్నియే. బండిగల గృహస్థు సంచులు నింపుకొని పోవును. బండి లేని కూలివానికి బజారుధరలో మిగిలినది ఆటోకిరాయి క్రింద పోవును.

రెండవది వేళ. బజారులో కూర కళకళలాడునది ప్రొద్దున. ఆ వేళకు కూలివాడు అడ్డామీద నిలిచి పనికై యెదురుచూచుచుండును. అతనికి చేతిలో డబ్బు పడునది సాయంకాలము. అప్పటికి ఆకుకూర వాడి, మంచికాయ అయిపోయి, ఏరివేసిన కాయలు మిగులును. అనగా మంచికూర ఉన్న వేళకు డబ్బు లేదు, డబ్బు ఉన్న వేళకు మంచికూర లేదు.

మూడవది కొలత. శీతలపెట్టె లేని యొంటిగది యిల్లు వారమునకు సరిపడు కూరను నిలువ చేసికొనలేదు. వారికి కావలసినది ఆ పూటకు పది యిరువది రూపాయల కూర. పెద్ద అంగళ్లవారికి ఈ చిన్న బేరము గిట్టదు. చిప్సు పొట్లము చేసినవాడు మాత్రము ఈ రహస్యమును బాగుగ నెరిగినాడు. వాడు ఐదు రూపాయల పొట్లము కట్టి ప్రతి గల్లీ దుకాణమునందును వ్రేలాడదీసినాడు.

మేము చిన్ననాట మిషను బడిలో చదువుకొనుచుండగా ప్రతి బాలునికిని ఒక కూరమడి ఉండెడిది. వంటశాలకు పోగా మిగిలిన బెండ, గోంగూరలను మేమే అమ్ముకొనవలెను. మొదట ప్రొద్దున బడికి ముందు వీధిలో తిరిగి, గంపలో సగము తిరిగి తెచ్చుకొనెడివారము. అది చూచి తోటపని నేర్పు మా ఉపాధ్యాయులు, "కూర అమ్మవలెనన్న కొనువాని పొయ్యి వెలుగు వేళ తెలిసికొనుడు" అనిరి. దగ్గరలోని ఆసుపత్రి వాకిట రోగుల బంధువులు సాయంకాలము ఐదు గంటలకు మూడురాళ్లు పెట్టి వంట చేసికొనెడివారు. మేమా వేళకు గంప దింపిన దినమున ఒక్క కట్టయు మిగులలేదు. ముప్పది సంవత్సరములు గడచినను ఆ మాట మరువలేదు.

ఇదియంతయు నగరపు గొడవ, మనకేల యని సభ్యులనవచ్చును. మనకేలనో చెప్పెదము.

మొదటి సంగతి, అక్కడ కూర లేక తినుచున్నవారు పరులు కారు. పాలమూరు కూలి చేయి పడని ఆనకట్ట దేశములో అరుదని ప్రతీతి. నేడు నగరపు మేడలు కట్టుచున్నది ఆ చేతులే. మన అన్నదమ్ములు, మన యాడుబిడ్డలు పచ్చిపులుసు మెతుకులతో పదియంతస్తులమీద ఇటుకలు మోయుచున్నారు.

రెండవ సంగతి, ఈ లోటువలన నష్టపడుచున్నది వారు మాత్రమే కాదు, మనమును. భారత రిజర్వు బ్యాంకువారు 2024 అక్టోబరులో ప్రకటించిన యొక పరిశోధన పత్రము ప్రకారము, కొనువాడు టమాటాకిచ్చు రూపాయిలో రైతునకు దక్కునది 33 పైసలు. ఉల్లిగడ్డకు 36 పైసలు, ఆలుగడ్డకు 37 పైసలు. మిగిలినది రవాణా, తరుగు, ఆడతి, చిల్లర లాభములక్రింద పోవును. 2023 జూలైలో నగరములలో కిలో టమాటా నూరు రూపాయలు దాటినది. అదే సంవత్సరము సెప్టెంబరునాటికి చేనివద్ద కోతకూలి సైతము రాని ధరకు పడిపోయినది. బస్తీ యిల్లాలు జూలైలో ఏడ్చినది, రైతు సెప్టెంబరులో ఏడ్చినాడు. ఈ యిద్దరికిని నడుమ నేరుగా దారి లేకుండుటయే యీ రెండు దుఃఖములకును ఒక ముఖ్య కారణము.

మూడవ సంగతి, మన పల్లెలే కూర పండించుట మానుచున్నవి. నల్లగొండ బత్తాయి, నకిరేకల్లు నిమ్మ, కొల్లాపురము మామిడి దేశమునందు పేరుపొందినవి. వరి, ప్రత్తి చెప్పనక్కరలేదు. కాని వేసవిలో మన వారపు అంగడికి వచ్చు టమాటా మదనపల్లెదో, కోలారుదో యగుచున్నది. ప్రత్తిరైతు భార్య పట్టణమునుండి వచ్చిన కూరగాయల బండివద్ద నిలిచి బేరమాడుట మేము ప్రతి ఊరను చూచుచున్నాము. ఇంతలో నగరపు మురుగు మూసీలో కలిసి మన భువనగిరి, సూర్యాపేట మీదుగా పారి వాడపల్లివద్ద కృష్ణలో కలియుచున్నది. నగరపు తూర్పు పొలిమేరలలో ఆ నీటితోనే ఆకుకూరలు పెంచి తిరిగి నగరమునకే పంపుచున్నారు. మంచినీటి బావిక్రింద కూర పండింపగల మనము ప్రత్తి వేసికొని కూర్చుండగా, బస్తీవానికి మురుగునీటి తోటకూర గతియగుచున్నది.

ఇక సహకార సంఘమునకు ఈ పని తగునా యను ప్రశ్నకు చరిత్రయే జవాబు చెప్పగలదు. మన ఉద్యమమునకు మూలపురుషులనదగిన రాచ్‌డేలు నేతగాండ్రు 1844 డిసెంబరు 21న ఇంగ్లండులో తమ చిన్న అంగడిని తెరచిరి. అది అప్పులిచ్చు సంఘము కాదు, ఎరువులమ్ము సంఘమును కాదు. మిల్లుకూలీల వాడలో కల్తీలేని పిండి, వెన్న, చక్కెర, ఓటుపిండి అమ్ము అంగడి. సరియైన తూనిక, శుద్ధమైన సరకు, అరువు లేని రొక్కపు బేరము, ఇవియే వారి నియమములు. అనగా నగరపు బీదవాడకు మంచి ఆహారమును చేర్చుట సహకారమునకు క్రొత్తగా తగిలించు పని కాదు; సహకారము పుట్టినదే దానికొరకు. మన దేశమునను బెంగళూరులో 1959లో ద్రాక్షరైతుల సహకార సంఘముగా మొదలైన హాప్‌కామ్సు చుట్టుప్రక్కల జిల్లాల పండ్లను, కూరలను వీధివీధి అంగళ్లలో అమ్మి పేరుపొందినది. మన రాష్ట్రమునను 2020లో కరోనా దిగ్బంధ దినములలో మార్కెటింగు శాఖవారు సంచార రైతుబజారు బండ్లను నగరపు వాడలకు నడిపిరి. ఆపత్కాలమున సాధ్యమైనది మామూలు దినములలో అసాధ్యము కానేరదు.

కావున మా సూచన లివి.

ఒక్కొక్క ప్రాథమిక సంఘము ఇరువదిమంది సభ్యులను ఏర్పరచి, ఒక్కొక్కరిచేత అర ఎకరము కూర వేయింపవలెను. ఆ అర ఎకరమును నాలుగు మడులుగా విభజించి, వారమునకొక మడి చొప్పున విత్తవలెను. తోటకూర, మెంతికూర 25–30 దినములలోను, బెండ 45–50 దినములలోను కోతకు వచ్చును గనుక, ఈ విధముగా విత్తినచో ఒకేసారి గుట్టలు పడక నిత్యము కూర యుండును. గట్లమీద మునగ, గోంగూర పెట్టుకొనవచ్చును. పురుగుమందు చల్లినచో పొట్లముమీద వ్రాసిన దినములు గడచువరకు కోయరాదు. ఈ నియమము తప్పిన సభ్యుని సరకును సంఘము త్రోసివేయవలెను.

ప్రొద్దున కోసిన కూరను తడిగోనెల నీడలో నుంచి, మధ్యాహ్నము బండి కెత్తి, సాయంకాలము నాలుగైదు గంటలకు బస్తీ మొగదలకు చేర్చవలెను. నలుగురున్న కుటుంబమునకు పోషకాహార సంస్థవారి లెక్కప్రకారము దినమునకు 1,600 గ్రాముల కూర కావలెను. అందులో సగము, అనగా 800 గ్రాములు కొందురనుకొన్నను, ఐదువందల గడపల బస్తీకి సాయంకాలమునకు 400 కిలోలగును. ఇది యొక చిన్న ట్రాలీ బండికి సరిపడు బరువు. రెండు మూడు సంఘములు కలిసి ఒక బండిని కిరాయికి మాటాడుకొనవచ్చును.

అమ్ముట బస్తీలోని మహిళా పొదుపు సంఘమువారి కప్పగించి, అమ్మిన దానిపై వారికి కొంత కమీషను ఇయ్యవలెను. ఎవరి గడప యేదో, ఎవరింట బాలింత యున్నదో వారికి తెలియును. పది రూపాయల కట్టలుగా కట్టవలెను. ఆకుకూర కట్టతో నొక నిమ్మకాయ జతచేయుట మేలు. నిమ్మపులుపు ఆకుకూరలోని యినుమును ఒంటికి పట్టించును, నిమ్మరైతునకును బేరము దొరకును. ధర పలకమీద వ్రాయవలెను. అరువు కూడదు. మిగిలిన సరకును మరునాటి ప్రొద్దున దగ్గర రైతుబజారుకు పంపవలెను.

ఇందులో కష్టములు లేవని మేము చెప్పము. మొదటి కష్టము కోతులు. కోతుల బెడదచేతనే కూర మానితిమని చెప్పు రైతు లెందరినో మేమెరుగుదుము, వారి మాట నిజము. కాని ఒంటరిగా చెదరి వేసిన కూరను కాచుట కష్టము. ఇరువదిమంది మడులు ఒకచోట నానుకొని యున్నచో ఒక్క కావలివాడు చాలును. రెండవ కష్టము ధరల ఒడుదుడుకులు. మూడు నెలలకొకసారి సంఘము ఒక కనీసధరను నిర్ణయించి దానికి కట్టుబడవలెను. ధర పెరిగిననాడు సభ్యుడు దళారి బండి కెత్తకుండ అతడును కట్టుబడవలెను. మూడవ కష్టము మనలోనిదే. రైతుబజారులందు రైతుల పేర బేరగాండ్రు కూర్చుండిరను ఫిర్యాదు తరచుగా వినవచ్చుచున్నది. సంఘపు పెద్దలే బినామీలైన నాడు ఏ పథకమును నిలువదు. అందుచేత ప్రతి వారము లెక్కలను సంఘపు గోడమీద అంటింపవలెను. గోడకెక్కిన లెక్క తప్పుటకు జంకును.

బీదలు కూరకు డబ్బు పెట్టరను మాటను మాత్రము మేమొప్పుకొనము. పాలబండివద్ద వారు రొక్కమిచ్చి కొనుట మేము కన్నులార చూచితిమి. చిప్సు పొట్లమునకు ఐదు రూపాయలిచ్చిన చేయి, పది రూపాయలకు తాజా తోటకూర గడపవద్దకే వచ్చిననాడు వెనుకాడదు. అడిగి చూడక ముందే వారు కొనరనుట మన సోమరితనమును వారిమీద నెట్టుట యగును.

సంఘమువారు పంటరుణ మిచ్చునప్పుడు వరికెంత, ప్రత్తికెంత యని అడుగుదురు. కూరమడికెంత యని అడిగినవారిని మేమెన్నడును చూడలేదు. రాబోవు సర్వసభ్యసభలో ఎవరైన నొక సభ్యుడు లేచి ఈ ప్రశ్న నడుగవలెనని మా కోరిక. ఒక్క సంఘము, ఒక్క బండి, ఒక్క బస్తీ, ఒక్క కారు: ఇంతమాత్రము చేసి చూడుడు. నష్టము వచ్చినచో ఆ లెక్కను ఈ పత్రికలోనే ప్రకటింతము, దాచము.

మేము నగరమునుండి బయలుదేరునాడు ఆ యిల్లాలు, "ఊర్లె మా చెల్క బీడు పడ్డదా సారూ?" అని అడిగినది. పడినదని చెప్పుటకు నోరు రాక, "బావిల నీళ్లున్నయి అక్కా" అని మాత్రము చెప్పి వచ్చితిమి. ఆ నీళ్లు ఆమె పొయ్యిమీది కూరయై చేరు మార్గము మన చేతులలో నున్నది.